హ్యాండిల్ వదులు

ఫిబ్రవరి 2

పిన్నికి,

నేను క్షేమం. నా సైకిలే క్షేమంగా లేదు, అందుకని ముందు దాని సంగతి రాస్తున్నాను.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మిషన్ల మోతకి నీ చెవులు సగం పని మానేశాయి కదా. పోయినసారి నేను "మెడ" అంటే నువ్వు "ఏ మేడ? ఎవరు కట్టారు?" అన్నావు. హాస్టల్ వరండాలో ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఉత్తరమే నయం. పైగా ఈ మధ్య నాకు రాయడమంటే పిచ్చి పట్టుకుంది. మా భాష మేడమ్ వారానికొక ఉత్తరం రాయిస్తోంది. ఒకసారి స్నేహితురాలికి, ఒకసారి పై అధికారికి, ఒకసారి ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి. ఉత్తరం మొదలుపెట్టడానికే మన భాషలో ఎన్ని మర్యాదలున్నాయో!

సరే, మెడ. హ్యాండిల్‌ని ముందు చక్రం ఫోర్కుకి పట్టి ఉంచే దిమ్మకి నువ్వూ నేనూ పెట్టుకున్న పేరు. నా బీఎమ్‌ఎక్స్ సైకిలుకి ఉన్నది ఇనప దిమ్మ, పిడికిలంత. మట్టి దిబ్బ మీద నుంచి గాల్లోకి లేచినప్పుడు ముందు చక్రం నాకంటే ముందే నేలకి దిగిపోతోంది, బస్సు ఆగకముందే దూకేసే మనిషిలాగ. "నీ కాళ్ళు బాగున్నాయి, నీ ముందు భాగమే బరువు" అంటాడు మా కోచ్. "నోరు కూడా ముందు భాగమేగా సార్" అంటుంది నా పక్క మంచం పిల్ల. దాన్ని మేం ఉడుత అంటాం. గేటు తెరుచుకోగానే అది దిబ్బలెక్కే తీరు చూస్తే ఎందుకో నీకే తెలుస్తుంది.

మార్చి మొదటి ఆదివారం జట్టు ఎంపిక పోటీ. నువ్వు ఊళ్ళోవాళ్ళందరి సైకిళ్ళకీ పళ్ళచక్రాలు, పెడళ్ళు, ఇరుసులు తేలిగ్గా చేసిపెడతావు. నాకొక మెడ చేసిపెట్టవా? అల్యూమినియంతో, ఎంత తేలిగ్గా వీలైతే అంత తేలిగ్గా.

కొలత పంపుతున్నాను. హ్యాండిల్ మధ్యలో కుట్టుదారం ఒక చుట్టు చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి, గుండ్రం లెక్క ప్రకారం భాగించాను. అడ్డంగా ఇరవై రెండున్నర మిల్లీమీటర్లు వచ్చింది. మళ్ళీ మళ్ళీ కొలిచాను, ప్రతిసారీ అంతే. నేను ఎంత జాగ్రత్త మనిషినయ్యానో చూడు. మిగతా కొలతలు కాగితం వెనక బొమ్మ గీసి రాశాను.

అమ్మకి మాత్రం చెప్పకు. కిందటేడు నేను పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఫోన్ ఎత్తితే ఒకటే పాట: "ఆ హ్యాండిల్ వదులు, పుస్తకం పట్టు." రెండు చేతులున్నాయి కదమ్మా అంటే కోపం.

ఒకచోట కూర్చోలేకపోతున్నాను పిన్నీ. పాఠం వింటున్నా బల్ల కింద కాళ్ళు తొక్కుతూనే ఉంటున్నాయి. ముందు బెంచీ పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 8

ఏమే పిడుగూ,

నీ ఉత్తరం నూనె చేతులతోనే విప్పాను. నీ బొమ్మ మీద నా బొటనవేలు అచ్చు పడింది, అదేమీ నష్టం కాదులే. కోడి గీకినట్టున్న ఆ బొమ్మకి కాస్త అందం వచ్చింది.

చేస్తాను. చెయ్యనని ఎప్పుడైనా అన్నానా? ముందు ఒప్పుకుని తర్వాత తిట్టడం నా పద్ధతి. దిమ్మ కోసి వైస్‌లో బిగించేశాను కూడా. నీ ఉత్తరం చదువుతుంటేనే కాలు షెడ్డు వైపు లాగింది. సగం చదివి వెళ్ళి కోసి, వచ్చి మిగతా సగం చదివాను.

వీధి చివర బంగారప్పని చేసే ఆయన దగ్గర పాత త్రాసు తెచ్చుకున్నాను. తురుము రాలుతున్నకొద్దీ ముక్కని తీసుకెళ్ళి అందులో పెట్టి చూస్తున్నా. ముల్లు వెంట్రుకంత కదిలితే నా ప్రాణం లేచివస్తోంది. ఆయన మొన్న వచ్చి చూసి, "అమ్మా, నేను బంగారం పోకుండా చూసుకుంటాను, మీరు లోహం పోగొట్టడానికి ఇంత కష్టపడతారేంటి?" అన్నాడు. నిజమేగా.

లోపలంతా తొలిచేస్తాను. మూలలు మాత్రం గుండ్రంగా ఉంచాలి. పదునైన మూల దగ్గరే పగులు పుడుతుంది. మనుషుల్లోనూ అంతే, మీ అమ్మని చూడు. ఇక హ్యాండిల్‌ని పట్టుకునే చోట రెండు చెవులుంటాయి, వాటిలోంచే బోల్టులు వెళ్తాయి. బరువు తగ్గాలంటే చెవులు పలచబడాలి. చెవులు పలచబడితే ఫిట్టింగ్ కరెక్టుగా ఉండాలి. లూజుగా ఉందనుకో, నువ్వు టైటు చేస్తావు. టైటు చేస్తే చెవి చిట్లుతుంది. ఇవి నా చెవుల్లాంటివి కావే, పోయినా నెట్టుకురావడానికి. ఇవి పోతే మనిషి నేల మీదుంటుంది.

నాకున్న జబ్బు నీకు తెలుసుగా. ముక్క బాగా వచ్చిందని తెలుస్తూనే ఉంటుంది, అయినా ఇంకొంచెం గీకుదామా అని చెయ్యి పీకుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పడానికి పక్కన మనిషి ఉంటే బాగుండును. ఉన్న మనిషి మీ అమ్మే. రోజూ వస్తోంది. నిన్న గుమ్మంలో నిలబడి, "ఎవరికే ఆ ముక్క?" అంది.

"ఎవరో కుర్రాడికి."

"ఎగురుతాడా వాడు కూడా?"

"ఆఁ, ఎగురుతాడట."

"వాడికి అమ్మ లేదా?" అంది.

చెవులు వినపడనట్టు మిషన్ ఆన్ చేశాను. ఈ చెవుడుకి ఉపయోగాలు కూడా ఉన్నాయి.

భోజనం సరిగ్గా చెయ్యి. సైకిలు బరువు తగ్గించమన్నావు గానీ నీ బరువు తగ్గించమనలేదు నేను.

పిన్ని

*

ఫిబ్రవరి 13

పిన్నికి,

నీ ఉత్తరం ఉడుతకి చదివి వినిపించాను. "మీ పిన్నిని నాకు అద్దెకివ్వవే" అంది. ఇవ్వనన్నాను.

ఒక్క ఫిర్యాదు. లూజు, టైటు, ఫిట్టింగ్, కరెక్టు! ఇవేం మాటలు పిన్నీ? ఇంట్లో సన్నబియ్యం పెట్టుకుని పక్కింట్లో నూకలు అడుక్కున్నట్టు! వదులు, బిగువు, అమరిక. పైకి చదివి చూడు. "బిగువు" అంటుంటే పెదవులు వాటంతటవే బిగుసుకుంటాయి, "వదులు" అంటే నోరు జారుతుంది. లోహం పని చేసేదానివి, నీకు తెలియాలి ఆ రుచి. ఇక నుంచి నీ ఉత్తరంలో ఎక్కడైనా లూజు కనపడిందంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపుతాను.

నిన్నంతా "తేలిక" అన్న మాట చుట్టూ తిరిగాను. బరువు లేనిదీ తేలికే, కష్టం లేనిదీ తేలికే. లక్ష్యపెట్టకపోతే తేలిగ్గా తీసుకోవడం, దిగులు తీరితే మనసు తేలికపడటం. ఒకే దిమ్మలోంచి నువ్వు నాలుగు రకాల ముక్కలు తీసినట్టు లేదూ? మేడమ్‌కి చెబితే, "బాగుంది, అయితే రాసేటప్పుడు ఏ ముక్క తీశావో చదివేవాళ్ళకి తెలిసేలా రాయి" అంది. ఆవిడ ఎప్పుడూ ఇంతే, మెచ్చుకుంటూనే గిల్లుతుంది.

ట్రాక్ మీద ఈ వారం గాలి. మట్టి లేచి పళ్ళల్లో కరకరలాడుతోంది. గేటు దగ్గర ఎనిమిదిమందిమి వరసగా నిలబడతాం, రెండు పెడళ్ళ మీదా కాళ్ళు, ముందు చక్రం గేటుకి ఆనించి. గేటు పడేదాకా ఎవరం ఊపిరి తియ్యం. ఆ క్షణంలో నాకు ఎక్కడ లేని ఆత్రం. మొన్న గేటు పడకముందే తొక్కేశాను. గేటుని గుద్ది హ్యాండిల్ మీద వాలిపోయాను. కోచ్ దగ్గరికొచ్చి, "ఏం, గేటుతో ఏమైనా పాత పగలున్నాయా?" అన్నాడు.

మెడ ఎప్పుడొస్తుంది? గేటుకి ఆనించి నిలబడ్డప్పుడల్లా ఆ ఇనప దిమ్మని చూస్తే ఒళ్ళు మండుతోంది. ఇంకొంచెం తేలిక చెయ్యగలవా? చెయ్యి పీకితే పీకనివ్వు పిన్నీ, ఆపకు.

అమ్మ ఫోన్ చేసింది. పాట అదే. ఈసారి రెండో చరణం కూడా: "మీ పిన్నిని చూడు, ఇనప ముక్కల్లో పడి పెళ్ళీ పేరంటం మర్చిపోయింది. నువ్వూ అలాగే తయారవుతావు." అలా తయారవడమే నా కోరిక అని అనబోయి ఊరుకున్నాను.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 19

పిడుగూ,

నీ మెడ నిన్న పార్సిల్‌లో పంపేశాను. పంపాక తట్టింది, వెంటనే రాయకపోతే నిద్రపట్టేలా లేదు. కానీ మీ అమ్మ వచ్చి నా ఎదురుగానే కూర్చుంది, ఎవరికి రాస్తున్నావని తొంగి చూస్తోంది. అందుకని ఒక్క మాటే రాస్తున్నాను. అర్థం చేసుకో.

హ్యాండిల్ వదులు.

నా మాట తేలిగ్గా తీసుకోకు.

పిన్ని

*

ఫిబ్రవరి 25

పూజ్యులైన పిన్నిగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది.

తమరు పంపిన మెడ అందినది. చాలా అందముగా ఉన్నది. మరునాడే తమ ఉత్తరమూ అందినది.

మీ నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మా అమ్మగారు తమ ఎదురుగా కూర్చున్నారని తమరే సెలవిచ్చారు కనుక అడగవలసినది ఏమీ లేదు.

తమరు ఒక్క మాట రాశారు. నా జవాబు కూడా ఒక్క మాటే. నా పట్టు వదులు కాదు. ఉడుం పట్టు.

మెడ బిగించాను. పోటీకి దానితోనే దిగుతున్నాను. ఇక ఈ విషయమై తమరు శ్రమపడి రాయనక్కరలేదు.

ఇట్లు,
తమ అక్కగారి కుమార్తె

*

మార్చి 2

పిడుగుగారికి,

తమరి ఉత్తరం చదివి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను. ఈ వారం భాష మేడమ్ పెద్దలకి రాసే ఉత్తరం నేర్పిందన్నమాట. నావి పాదపద్మాలా? వేళ్ళ సందుల్లో అల్యూమినియం తురుము తళతళలాడుతోంది చూడు. ఏం పద్మాలో! బంగారప్పని ఆయనకి కూడా చూపించాను ఉత్తరం. "మా పిల్ల ఎంత వినయంగా రాస్తుందో" అన్నాను.

అన్నిటికంటే "పట్టు వదులు కాదు" అని రాశావు చూడు, అక్కడ నా దిగులు తీరింది. ఇన్నాళ్ళూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మీ అమ్మ ఇవాళ లేదు కాబట్టి అసలు సంగతి తీరిగ్గా రాస్తాను.

పార్సిల్ పంపిన మర్నాడు ఒకతను పళ్ళచక్రం తేలిక చేయించుకుందామని సైకిలు తెచ్చాడు. చూస్తే అచ్చంగా నీ సైకిలే, నీ హ్యాండిలే. ఊరికే ఉండలేను కదా, కొలిచాను. నువ్వు పంపిన కొలత కంటే తక్కువుంది. ఎంత తక్కువ? ఒక దారమంత. దారమంత అని నాలో నేను అనుకున్నాక వెలిగింది. నువ్వు కొలిచింది హ్యాండిల్‌ని కాదే పిల్లా, దారం తొడుక్కున్న హ్యాండిల్‌ని! ఆ దారం మందం కూడా లెక్కలోకి వచ్చేసింది. ఎన్నిసార్లు కొలిస్తే అన్నిసార్లూ అంతే వస్తుంది మరి. కుట్టుదారం అని రాసినప్పుడే నేనైనా అడగాల్సింది. నీకు మెడ చెయ్యాలన్న ఆత్రంలో నేనూ చూసుకోలేదు.

అందుకే ఆ చీటీ, హ్యాండిల్ వదులు అని. నువ్వు నేర్పిన మాటే వాడాను, గమనించావా? ఎర్రసిరాకి పని పెట్టలేదు. మీ అమ్మ ముందు కొలతా గిలతా అని రాస్తే పట్టేస్తుందని అంతటితో ఆపాను. నువ్వేమో వదులు కాదన్నావు. నీ హ్యాండిల్‌కి రంగు మందంగా వేసి ఉంటారు, సరిపోయి ఉంటుంది. అదృష్టవంతురాలివి.

ఉంటాను.

పిన్ని

కవరు అతికించి మళ్ళీ చింపాను. ఉడుం పట్టు అని రాశావే, అదెలా కుదురుతుంది? రంగు ఎంత మందమైనా దారమంత ఉండదు. లెక్క ప్రకారం వదులవ్వాలి. అదే పట్టుకుందా, నువ్వు పట్టుబట్టి బిగించావా? బిగించి ఉంటే చెవుల దగ్గర వెంట్రుకంత గీత ఏమైనా ఉందేమో గోరుతో తడిమి చూడు. వెంటనే జవాబు రాయి. నా చెయ్యి ఊరుకోవట్లేదు, ఇంకో దిమ్మ కోశాను. ఊరికే.

*

మార్చి 6

పిడుగూ,

సైకిలెక్కి ఉంటే ముందు దిగు. దిగాక చదువు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చేది పోస్ట్‌మాన్ కాదు, మీ అమ్మ. కంగారుపడకు. పడాల్సిన కంగారంతా ఇక్కడ మేం పడ్డాం. రెండో తారీఖున నేను వివరంగా రాసిన ఉత్తరం నీకింకా అందలేదని ఇవాళే తెలిసింది.

ఇవాళ పొద్దున మీ అమ్మ నవ్వుకుంటూ షెడ్డులోకి వచ్చింది. గుమ్మంలో కాదు, లోపలికే. స్టూలు తుడుచుకుని కూర్చుంది.

"ఇన్నాళ్ళకి ఒక్క మంచిపని చేశావే," అంది.

"ఏం చేశాను?"

"హ్యాండిల్ వదులు అని రాశావట కదా దానికి. నిన్న ఫోన్‌లో ఒకటే ఏడుపు, పిన్ని కూడా నీ వైపు చేరిపోయిందని. నేను అనీ అనీ నా నోరు పడిపోయింది. నువ్వన్నా చెప్పావు."

నా చేతిలోంచి ఆకురాయి జారి కాలి మీద పడింది. ఆ నొప్పి ఇందాకటిదాకా తెలియలేదు.

"అక్కా, నేను సైకిల్ మానెయ్యమని రాయలేదు. హ్యాండిల్ లూజుగా ఉందని రాశాను."

"లూజైతే లూజని రాసి ఏడవచ్చుగా?"

"నీ కూతురే రాయొద్దంది!"

మీ అమ్మ స్టూలు ముందుకి జరుపుకుంది. తర్వాత మెల్లిగా, "అసలు ఆ హ్యాండిల్ సంగతి నీకెలా తెలుసు?" అంది. ఇంకేం దాచను? ఆ ఎవరో కుర్రాడికి అమ్మ ఉందనీ, ఆ అమ్మ నా స్టూలు మీదే కూర్చుందనీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అందుకే భయమేసింది. హాస్టల్‌కి ఫోన్ చేసింది. మీరందరూ నిన్న సాయంత్రమే ట్రాక్ దగ్గరికి వెళ్ళిపోయారనీ, అక్కడే బస అనీ, మీ ఫోన్లు దాచేశారనీ చెప్పారట. కోచ్ ఫోన్ మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు. ఫోన్ పెట్టేసి బస్సు ఎన్నింటికని అడిగింది.

"నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వొద్దు. నువ్వొస్తే ఇద్దరూ కలిసి దాన్ని మళ్ళీ ఎక్కిస్తారు. నేనొక్కదాన్నే వెళ్ళి దింపుకొస్తాను."

ఊరికే కోశానన్న దిమ్మ ఇప్పుడు మెడయింది. సరైన కొలతకి తొలిచాను. చెవులకి ఈసారి కాస్త కండ ఉంచాను. త్రాసులో మొదటిదానికంటే బరువు తూగింది. చెయ్యి ఇంకా గీకమంది, వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. దాన్ని గుడ్డలో చుట్టి మీ అమ్మ సంచిలో పెట్టాను. చూసింది, తీసెయ్యలేదు. నీకిస్తుందో, దారిలో ఏ కాలవలోనో పడేస్తుందో ఆవిడ ఇష్టం. ఇవ్వకపోతే పోట్లాడకు. ఒక్క పని మాత్రం చెయ్యి. మొదటి మెడ మీద ఇంకొక్క దిబ్బ కూడా ఎగరకు.

నేను నిన్ను వదులు అని ఎందుకంటానే? వెర్రిదానా.

పిన్ని

*

మార్చి 9

పిన్నీ,

గారు లేదు, తమరు లేదు, పద్మాలు అసలే లేవు. ఆ ఉత్తరం చింపెయ్యి. బంగారప్పని ఆయనకి కూడా చెప్పు, అది వినయం కాదు కోపమని.

ముందు ఫలితం చెప్పేస్తాను, లేకపోతే చివరి పేజీ ముందు చదువుతావు. మూడు రౌండ్లలో మొదటిది నేను దిగలేదు. రెండోదాంట్లో మూడో స్థానం, ఆఖరిదాంట్లో రెండో స్థానం. మూడూ కలిపి చూస్తారు కాబట్టి జట్టులో నా పేరు లేదు. ఉడుత పేరుంది. జూన్‌లో మళ్ళీ ఎంపిక ఉందని కోచ్ చెప్పాడు. ఇప్పుడు నింపాదిగా చదువు.

నీ మెడ బిగించిన రెండో రోజు నుంచే హ్యాండిల్ కాస్త కాస్త తిరుగుతోంది. దిబ్బ మీద నుంచి దిగిన ప్రతిసారీ చేతులు ముందుకి జారేవి. మెడ మీద నాకు అనుమానమే రాలేదు. నా మణికట్లలోనే బలం లేదనుకున్నాను. పానా తీసి ఇంకో పావు తిప్పు బిగించేదాన్ని. బిగిస్తున్నంతసేపూ మనసులో నీతో పోట్లాట. వదులు అంటావా, ఇదిగో వదలను, ఇదిగో వదలను అని. నా ఉడుం పట్టంతా పోయి ఆ చెవుల మీద పడింది పిన్నీ.

ఆదివారం పొద్దున గేటు దగ్గరికి పిలిచే వరసలో నిలబడ్డాం. ఉడుత నా వెనక.

"ఒసేయ్, నీ హ్యాండిల్ వదులు," అంది.

నాకు తిక్క రేగింది. "నువ్వు కూడానా? మా అమ్మ నీకెప్పుడు ఫోన్ చేసింది?"

"మీ అమ్మెందుకే మధ్యలో? వదులే బాబూ, వదులు! కళ్ళు లేవా? కదుల్తోంది చూడు!"

అది ముందుకొచ్చి నా ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని హ్యాండిల్‌ని నొక్కింది. కిందికి దిగింది. కిర్రుమని సన్న చప్పుడు కూడా. వంగి చెవి మీద గోరు పెట్టాను. గోరు ఆగింది. వెంట్రుకంత గీత.

అప్పుడు నీ చీటీ మొత్తం మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. అవే అక్షరాలు, ఒక్కటి కూడా మారలేదు, మాటలే మారిపోయాయి. వదులు అన్న మాట నీకిచ్చింది నేను. ఎంత రుచిగా ఉందో నోటితో అని చూడమన్నదీ నేనే. నువ్వు నా మాట విని రాశావు, నేను అమ్మ గొంతులో చదువుకున్నాను. ఎంత సిగ్గేసిందంటే, పేర్లు పిలుస్తున్నా వినపడలేదు. సైకిలు వరసలోంచి పక్కకి లాగేశాను. గేటు పడిన చప్పుడు వీపు వెనక వినిపించింది. మొదటి రౌండు నేను లేకుండానే వెళ్ళిపోయింది.

కంచె పక్కన మట్టిలో కూర్చుని మెడ విప్పుతున్నాను. ఎదురుగా రెండు చెప్పులు ఆగాయి, దుమ్ము కొట్టుకుపోయి. తలెత్తితే అమ్మ. బస్సు దారిలో ఆగిపోయిందట, చివరి ముక్క నడిచే వచ్చిందట. నోటినిండా తిట్లు సిద్ధం చేసుకుని వచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ మెడ నా చేతిలో ఉంది, సైకిలు నేల మీద పడుంది. తిట్లు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాయి.

"దిగావా?" అంది.

"ఎక్కనేలేదు."

నీ ఉత్తరం ఇచ్చింది. నేను చదువుతున్నంతసేపూ పాత మెడని చేతిలో తిప్పుతూ నిలబడింది. గీత మీద తనూ గోరు పెట్టి చూసింది.

"ఇది నీ అంతట నువ్వే విప్పావా?"

"ఉడుత చెప్పింది, వదులుగా ఉందని."

"చెబితే విన్నావా?"

"విన్నాను."

"పుట్టి బుద్ధెరిగాక నువ్వొకరి మాట వినడం ఇదే మొదలు," అంటూ సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డ మూట తీసి నా ఒళ్ళో పడేసింది. "మీ పిన్ని ఇచ్చింది. ఇవ్వకూడదనే అనుకున్నాను. బస్సులో అంతసేపూ ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఇంత తేలికగా ఉంటుందా అది?"

ఆ మాట నాలుగు ముక్కల్లో ఏ ముక్కో నాకు తెలియలేదు. అడగలేదు.

అమ్మే ముందు చక్రం మోకాళ్ళ మధ్య పెట్టుకుని హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది. నేను బోల్టులు బిగించాను, ఒకటి కొంచెం, రెండోది కొంచెం, నువ్వు నేర్పినట్టే. మెడ హ్యాండిల్‌ని పట్టుకున్న క్షణం చేతికి తెలిసింది. చప్పుడు లేదు, కదలిక లేదు. కోచ్ వచ్చి నొక్కి చూసి, "ఎవరు చేశారు?" అన్నాడు. "మా చెల్లెలు," అంది అమ్మ, నేను నోరు తెరిచేలోపే.

ఇక నుంచి లూజు అని రాయి పిన్నీ. ఎర్రసిరా ఉడుతకి ఇచ్చేశాను. వదులు అన్న మాట మీద నాకు కోపం లేదు, ఇంకా ఎక్కువ ఇష్టం పుట్టింది. కాకపోతే బోల్టుల దగ్గర దాన్ని పెట్టకూడదు, అంతే.

రెండో రౌండుకి గేటు దాకా అమ్మ కూడా వచ్చింది. పెద్దవాళ్ళు లోపలికి రాకూడదమ్మా అని జెండా పట్టుకున్నాయన అంటున్నా వినిపించుకోలేదు. వినపడకపోవడం మీ ఇంటి జబ్బేమో. అందరం గేటుకి చక్రాలు ఆనించాం. నేను పెడళ్ళ మీద లేచి నిలబడ్డాను. అమ్మ పక్కనే నిలబడి హ్యాండిల్ పట్టుకునే ఉంది. ఆవిడ వేళ్ళు తెల్లబడిపోయాయి. ఆయన జెండా ఎత్తాడు.

"అమ్మా, హ్యాండిల్ వదులు," అన్నాను.

గబుక్కున మెడ మీదికి వంగింది. "మళ్ళీనా? ఇందాకేగా బిగించావు!"

"అది కాదమ్మా. నువ్వు. నువ్వు వదులు."

నా వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది, అవి ఇంకా అక్కడే ఎందుకున్నాయో తెలియనట్టు. ఒక్కొక్క వేలే తీసింది.

గేటు పడింది.

ఇంకా కాళ్ళు ఆగని,
నీ పిడుగు